మంచె దిగే ముందు తినే ముద్ద

మా మిద్దె మీది సారు పోయినారు. ఆ కబురు నాకు రామకుప్పంలో, మా తమ్ముడి ఇంటి వసారాలో తెలిసింది. తమ్ముడికి కుప్పంలో కంటి ఆపరేషన్ అయింటే, తోడుగా ఉందామని పోయింటి. పొద్దున వాడి కంట్లో చుక్కల మందు వేస్తాంటే ఫోను మోగింది. పుంగనూరులో మా ఎదురింటి టైలరు భాయి. ఎప్పుడూ నవ్వుతా మాట మొదలుపెట్టే మనిషి, ఆ దినం ఊరికే గొంతు సవరించుకుంటా ఉండాడు.

"అమ్మా, కూచొని ఉండావా?"

"కూచొనే ఉండాను. చెప్పు భాయీ."

"సారు లేరమ్మా. పొద్దెక్కినా కిటికీ తెరవలేదే అని పైకి పోయి చూసినాను. నిద్రలోనే పోయినట్టుండారు."

నేను ఊహ తెలిసినప్పటి నుంచీ దిగులు పడే మనిషిని. బస్సు పది నిమిషాలు లేటైతే బోల్తా పడిందేమో అనుకుంటాను. అట్లాంటి నాకు ఆ మాట వినగానే ఏడుపు రాలేదు. పైన కొళాయి గుర్తొచ్చింది. దాన్ని గట్టిగా కట్టి, మళ్ళా సగం చుట్టు వెనక్కి తిప్పాల. లేకపోతే కారతా ఉంటాది. ఎవరైనా సరిగ్గా కట్టినారో లేదో అనుకున్నాను. మనిషి పోయినాడంటే కొళాయి గుర్తొస్తాదా ఎవరికైనా అని నా మీద నాకే సిగ్గేసింది. ఆ కొళాయి సంగతి నాకు ఎప్పుడు, ఎట్లా తెలిసిందో చెప్పేదానికే ఇది రాస్తాండాను.

సారుది శాంతిపురం పక్కన పల్లె. ఆయన్ను ఆడికే తీసుకొచ్చినారు. మా తమ్ముడి ఊరి నుంచి దగ్గరే. బస్సెక్కి ఒక్కదాన్నే పోయినాను. వాళ్ళ అక్క కొడుకు ముందు నిలబడి అన్నీ చేస్తాండాడు. నాకు మొగం చూసే ధైర్యం లేక కాళ్ళ దగ్గరే నిలబడినాను. సన్నటి కాళ్ళు. మడమల దగ్గర వాచి ఉండాయి. ఆ కాళ్ళను నేను అంతకు ముందు ఎప్పుడో ఇట్లాగే, పట్టి పట్టి చూసినట్టు అనిపించింది. ఎప్పుడో మాత్రం ఆ పూట గుర్తు రాలేదు.

ఆయన మా ఇంటి పైగదిలో బాడుగకు చేరి ఐదేండ్లయింది. బెంగళూరులో రాకెట్ల పని చేసి రిటైరై వచ్చినారు. భార్య పోయి చాన్నాళ్ళంట. వారానికి రెండు దినాలు మదనపల్లె బస్సెక్కి, అంగళ్లు దగ్గర ఇంజనీరింగు కాలేజీలో పాఠం చెప్పేదానికి పోతాండిరి. నెలకోసారి బెంగళూరులో మీటింగు. మిగతా దినాలు పైన కూచొని రాసుకుంటా ఉంటారు. ఏం రాస్తారో నాకు అర్థం కాలేదు. కోర్టు కాగితాలేమో, మన ఇంటి మీదికి ఏమన్నా వస్తాదేమో అని కొన్నాళ్ళు అదొక దిగులు. కడాన పాలు ఇచ్చేదానికి పోయినప్పుడు అడిగేసినాను.

"ఆకాశంలో మనవాళ్ళు ఒక ఇల్లు కట్టబోతాండారక్కా" అన్నారు. "భూమి చుట్టూ తిరుగుతా ఉంటాది. ముగ్గురు నలుగురు లోపలుండి పరిశోధనలు చేసుకుంటారు."

"నువ్వు కడతావా సారూ?"

"కట్టేవాళ్ళు వేరే. కట్టినాక దాన్ని తక్కువ ఖర్చుతో, ఎక్కువ ఏండ్లు ఎట్లా నడపాల అని రాసేది నా పని. కట్టేది ఒక్కసారి. కాపాడుకునేది దినామూ."

ఆ మాట నాకు నచ్చింది. ఇల్లు కట్టిన మొగుణ్ణి ఊరంతా మెచ్చుకున్నింది. ముప్పై ఏండ్లుగా ఆ ఇల్లు వానకు ఉరవకుండా, చెదలు పట్టకుండా చూసుకున్నదాన్ని నేను. నన్నెవరూ ఏమీ అనలేదు. ఆకాశంలో ఇంటికైనా అదే పని పడతాదని చెప్పే మనిషి దొరికినాడు గదా అనిపించింది.

ఒక సాయంత్రం దీపాలు పెట్టే వేళ నన్ను మిద్దె మీదికి పిలిచినారు. పడమటి దిక్కు ఇంకా ఎర్రగా ఉండాది. "ఆడ సూడక్కా" అని చెయ్యి చూపిచ్చినారు. ఒక చుక్క. మిణుకుమిణుకు లేదు, చప్పుడు లేదు. నూనెలో జారినట్టు జారతా మా తల మీదుగా పోయింది. వేరే దేశాలవాళ్ళు ముందే కట్టుకున్న ఇల్లంట అది. లోపల మనుషులు ఉండారంట. నేను ఊపిరి బిగబట్టి చూసినాను. మా చిన్నప్పుడు రాగి చేలల్లో ఏనుగులకు కాపలాగా మంచె మీద లాంతరు పెట్టుకొని మా నాయన కూచొనుంటే, దూరం నుంచి చూసేదానికి అట్లాగే ఉండేది. ఆ పొద్దు పడుకుంటే కల వచ్చింది. ఆకాశమంతా రాగి చేను. నల్లటి చేను, తెల్లటి కంకులు. నడుమ ఒక్క మంచె మెల్లగా నడుస్తా పోతాండాది.

పొద్దున్నే ఆ కల సారుకు చెప్పినాను. చెప్పి, "పైన వాళ్ళకు ఏనుగుల భయం లేదు గదా సారూ?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఉండాదక్కా. చిన్న చిన్న ఇనప ముక్కలు తిరుగుతా ఉంటాయి. కంటికి కానరావు. తగిలితే గోడ చీలుతాది."

ఆ దినం నుంచి నా దిగుళ్ళన్నీ ఆ ఇంటి మీదికి మళ్ళినాయి. సారు ఒక నోటు పుస్తకం తెచ్చిచ్చినారు. "నీకు తోచిన దిగులల్లా ఇందులో రాయక్కా" అన్నారు. నాకు ఐదో తరగతి చదువు. అక్షరాలు మరిచిపోయింటి. "తప్పులు పోతే పోనీ, దిగులు పోకుండా రాయి" అన్నారు. ఈ పొద్దు నేను ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతాండానంటే ఆ పుస్తకం పుణ్యమే. మా ఇంట్లో నేను నోరు తెరిస్తే, మొదలుపెట్టిందిరా అని లేచి బయటికి పోయేవాళ్ళు. ఆయన పెన్సిలు తీసుకొని కూచొనేవారు.

"మన కుట్టుసూది మాదిరి చిన్న వస్తువు చెయ్యి జారితే ఆడ యాడికి పోతాది?" అని ఒకసారి అడిగినాను.

"పడదక్కా. గాల్లో తేలతాది."

"అది ఇంకా దిగులు గదా సారూ! పడిన సూది నేల మీద ఉంటాది, ఎతుక్కోవచ్చు. తేలే సూది కంట్లో పడతాది."

సారు తల ఊపుతా రాసుకున్నారు. ఇంకోసారి, మూసిన ఇంటికి గాలి ఆడకపోతే గోడలకు బూజు పడతాది అన్నాను. పైన ఇండ్లకు కూడా ఆ బాధ ఉండాదంట. "నాకు చదువుకోని మేస్త్రీ దొరికింది" అన్నారు.

టైలరు భాయికి ఇదంతా వేడుక. పొద్దున మిషను మీద నుంచి కేకేసేవాడు. "ఏమమ్మా, ఈ దినం ఆకాశానికి ఏం దిగులు పంపిచ్చినావు? నాదొకటి రాయించు. పైన వాళ్ళకు గుడ్డలు కుట్టేది ఎవరు, ఉతికేది ఎవరు?"

సారు మెట్లు దిగుతా చెప్పినారు. "ఉతికేది లేదు భాయీ. మాసినవి పారేసేదే."

"తౌబా తౌబా! కొత్త గుడ్డలు పారేస్తారా? యా అల్లా, ఇంక ఖర్చు యాడ తగ్గుతాది సారూ!"

ఆ మాట కూడా సారు రాసుకున్నారు. మీటింగులో గుడ్డల సంగతి మాట్లాడినానని తర్వాత చెప్తే, భాయి వారం దినాలు కాలరెగరేసుకొని తిరిగినాడు.

ఆయన ఏం రాస్తాండారో అట్లాగే బతికేవారు. గ్లాసుడు నీళ్ళతో అన్నం తిన్న తట్ట కడిగేవారు, అర గ్లాసుతో గడ్డం గీసుకునేవారు. తలుపుకు, కిటికీకి, గోడ బీరువాకు ఉండే మరలన్నీ ఊడబీకి అన్నింటికీ ఒకే రకం వేసినారు. "ఒక్క స్క్రూడ్రైవరుతో ఇల్లంతా విప్పాల, ఇల్లంతా బిగించాల" అనేవారు. బయటికి పోయే ముందు గ్యాసు, కొళాయి, కిటికీ, మూడింటినీ చేత్తో తాకిగానీ మెట్లు దిగరు. నేనైతే మెట్లు దిగినాక మూడుసార్లు వెనక్కి పోయి చూస్తాను. "నీ దిగులుకు వరస లేదక్కా, నా దిగులుకు వరస ఉండాది. తేడా అంతే" అనేవారు.

రెండేండ్ల కిందట బెంగళూరు మీటింగు నుంచి మొగం వేలాడేసుకొని వచ్చినారు. ఖర్చు ఇంకా తగ్గించకపోతే ఈ లెక్కన ఆ ఇంటిని ఎక్కువ ఏండ్లు నడపలేము, కాగితాలు పక్కన పెడతాము అన్నారంట పెద్దవాళ్ళు. ఆయన జీవితంలో మిగిలిన పని అదొక్కటే. నెల దినాలు గది దాటకుండా రాసి, ఒక పొద్దు నన్ను పిలిచి సంతోషంగా చెప్పినారు.

"దారి దొరికిందక్కా. ఏడాది పొడుగూ మనుషులు ఉండేది లేదు. కొన్ని నెలలు ఉంటారు, కొన్ని నెలలు మూసిపెట్టి మిషన్లకు వదిలేస్తాము. ముందు పోయినవాళ్ళు దిగొచ్చేస్తారు. తర్వాత ఎప్పుడో కొత్తవాళ్ళు ఎక్కుతారు. ఇద్దరూ ఒకేసారి పైన ఉండాల్సిన పని లేదు. ఆ కొన్ని దినాల తిండి, గాలి, నీళ్ళు మిగులుతాయి. అప్పజెప్పేదంతా కాగితాల్లో, వీడియోల్లో ఉంటాది."

"వద్దు సారూ" అన్నాను.

"యాల?"

అప్పుడు ఆయనకు మా మంచె సంగతి చెప్పినాను. మా పుట్టింటి చేలు అడివి అంచున. రాగి పాలు పట్టే నెలలో ఏనుగులు దిగేవి. నాలుగిండ్లవాళ్ళు వంతులేసుకొని మంచె కాస్తాండిరి. ఒకడు వారం దినాలు కాసి దిగిపోయే సాయంత్రం, తర్వాత వంతువాడు సంగటి మూట కట్టుకొని పైకి ఎక్కాల. ఇద్దరూ మంచె మీదే కూచొని ఒక్క ముద్ద పంచుకొని తినాల. తిన్నాకే పాతవాడు దిగేది. అప్పజెప్పడం కింద నిలబడి చేయకూడదు. ఎందుకని అడిగితే మా నాయన, అది అంతే అనేవాడు.

ఒక ఏడాది మా చిన్నాయన వంతు. బెంగళూరులో కూలి పని కుదిరింది, సాయంత్రం బస్సు ఉండాది. మా తమ్ముడు పోయేసరికే మంచె దిగి చేను గట్టు మీద నిలబడినాడు. "అంతా బాగుండాది రా, తాళ్ళు గట్టిగా ఉండాయి, ఎక్కు" అని పరుగెత్తి బస్సు పట్టుకున్నాడు. తమ్ముడు ఎక్కినాడు. నిచ్చెన మూడో మెట్టు కట్టు తెగి కింద పడినాడు. కాలు విరిగింది. డబ్బా కొట్టి బెదరగొట్టేవాడు లేక ఏనుగులు చేనంతా తొక్కి పోయినాయి. ఆ కాలు ఇప్పటికీ వాడికి కుంటే.

"మీ చిన్నాయన అబద్ధం చెప్పినాడా?" అన్నారు సారు.

"లేదు సారూ. బతికుండే వరకూ ఒట్లు పెట్టుకున్నాడు, నేను చూడలేదని. నిజమే. మూడో మెట్టు వదులవతా ఉంటే వారం దినాలుగా ఆయన కాలు దానంతట అదే దాన్ని దాటుకొని పైమెట్టు మీద పడతాండాది. కాలికి తెలుసు. నోటికి తెలియదు. తెలియంది కాగితంలో యాడ రాస్తారు? వీడియోలో యాడ చెప్తారు? పక్కనుండేవాడు ఆ కాళ్ళను చూడాల. అందుకే సారూ ముద్ద కలిసి తినేది."

సారు చేతిలో టీ చల్లారిపోయింది. నోరు జారినానేమో, ఆయన నెల దినాల కష్టం చెడగొట్టినానేమో అని నాకు దిగులు. పొద్దున పాలు ఇచ్చేదానికి పోతే బల్ల మీద కాగితాలు. ఒక పేజీకి అడ్డంగా గీత కొట్టుండారు. అంచున తెలుగులో "ముద్ద దినాలు" అని రాసుకోనుండారు.

తర్వాత ఏడాదంతా ఆ దినాలను నిలబెట్టుకునేదానికి మిగతా అన్నింట్లో కోసుకుంటా వచ్చినారు. సామాన్లు మోసే ట్రిప్పులు తగ్గించినారు. వాడిన నీళ్ళనే మళ్ళా శుద్ధి చేసేది పెంచినారు. మరలన్నీ ఒకే రకం. మూసిపెట్టే నెలలు అట్లాగే ఉంచినారు. కానీ మనుషులుండే నెలల్లో పాతవాళ్ళు ఊరికే వదిలిపెట్టి పోకూడదు, కొత్తవాళ్ళు ఎక్కి, ఒక చోట కూచొని తిని, వాళ్ళ చేతులూ కాళ్ళూ చూసినాకే దిగాల. మూసేటప్పుడు మిషన్లకు అప్పజెప్పి వచ్చినవాళ్ళు కూడా, మళ్ళా తెరిచేటప్పుడు కొత్తవాళ్ళతో ఒకసారి ఎక్కాల. దీనికి పెద్దవాళ్ళు ఒప్పుకోలేదు. ఆయన బెంగళూరుకు తిరగడం మానలేదు. నెలకోసారి పోయే మనిషి నాలుగుసార్లు పోతాండిరి. బస్సు దిగి మెట్లెక్కేటప్పుడు మొగం తెల్లగా ఉండేది. "ఈ వయసులో అంత ఆరాటం వద్దు సారూ" అంటే, "దిగులు పడేవాళ్ళు లేని ఇల్లు ఎక్కువ నాళ్ళు నిలబడదక్కా. ఆ ఇంటికి ఇంకా ఎవరూ లేరు గదా" అనేవారు.

మొన్న ఎండలు తగ్గే నెలలో ఒక సాయంత్రం కింద నుంచే కేక వేసినారు. "అక్కా! ముద్ద దినాలు నిలబడినాయి!"

"ఎన్ని దినాలు సారూ?"

"అడిగినన్ని ఇయ్యలేదు. అయినా ఇచ్చినారు."

భాయి మిషను ఆపి వచ్చి చెయ్యి కలిపినాడు. "అమ్మా, నీ పేరు కూడా పైకి పోతాదా?" అంటే, సారు, "పేర్లు ఎవరివీ పోవు భాయీ. అక్క ముద్ద మాత్రం పోతాది" అన్నారు. నేను లోపలికి పోయి కొంగుతో కండ్లు తుడుచుకున్నాను. జీవితమంతా ఎవరికీ పనికిరాని నా దిగులు, ఆకాశంలో ఒక మూల కూచొని తినే మనుషులను కాపాడతాదంట.

తమ్ముడి ఆపరేషనుకు నేను రామకుప్పం బయలుదేరే ముందు దినం, సారు అన్నారు. "అక్కా, ఈ పూట పైన తిందాం. ముద్ద నువ్వు తీసుకురా. అనపగింజల పులుసు నేను చేస్తా."

అట్లా ఎప్పుడూ పిలవలేదు. నేను ముద్ద, ఊరిబిండి పచ్చడి తీసుకొని పోతాంటే ఆయన నా ముందర మెట్లెక్కుతాండారు. ఐదో మెట్టు మీద నిలబడినారు. గోడకు చెయ్యి ఆనించి కొంచెం సేపు. తర్వాత మళ్ళా ఎక్కినారు.

"యాల సారూ, ఆడ నిలబడినావు?"

"ఈడ గాలి బాగుంటాదక్కా."

తిన్నాక గదంతా చూపిచ్చినారు. కొళాయిని కట్టి సగం చుట్టు వెనక్కి తిప్పాల. కిటికీ రెక్కకు గడియ పట్టదు, తాడు రెండు చుట్లు చుట్టి లోపలికి దోపాల. ఫ్యాను స్విచ్చి రెండుసార్లు నొక్కాల. స్క్రూడ్రైవరు డబ్బా అటక మీద కాదు, తలుపు పక్కన. ఒక్కొక్కటి నా చేత చేయించినారు. "నాకెందుకు సారూ, నేను తొమ్మిది దినాల్లో వచ్చేస్తాను గదా" అంటే, "నువ్వు ఆడ కూచొని దిగులు పడకుండా" అన్నారు. నేను నమ్మినాను. ఆ పూట ఎందుకో నాకు ఏ దిగులూ లేదు. కడుపు నిండుగా ఉండాది, గాలి వస్తాండాది, కిటికీలో ఆకాశం నీలంగా ఉండాది.

శాంతిపురం నుంచి తిరిగొచ్చే బస్సులో గుర్తొచ్చింది, ఆ కాళ్ళను ఎప్పుడు చూసినానో. మెట్ల మీద, ఆయన వెనకాల ఎక్కుతా. వాపు చూసినాను, నిలబడింది చూసినాను. గుండె సంగతి డాక్టరు ఆయనకు ముందే చెప్పినాడని వాళ్ళ అక్క కొడుకు అన్నాడు. కాళ్ళు చూడాలని సారుకు చెప్పిందే నేను. ఆయన కూచోబెట్టి ముద్ద పెట్టి, అన్నీ అప్పజెప్పి, కాళ్ళు కూడా చూపిచ్చినారు. నేను గాలి అనుకున్నాను. ఇది నన్ను శానా నాళ్ళు తినింది. ఇప్పుడు కొంచెం కొంచెంగా ఇంకో మాదిరి అనిపిస్తాంది. చెప్పింటే నేను రామకుప్పం పోయేదాన్ని కాదు. తమ్ముడి కంట్లో మందేసేవాళ్ళు ఉండేవాళ్ళు కాదు. ఆయన వరసగా దిగులు పడే మనిషి. అది కూడా లెక్కేసుకునే ఉంటారు.

పైగది రెండు నెలలు మూసే పెట్టినాను. దినామూ ఎక్కి కిటికీ తెరిచి గాలి ఆడనిచ్చి, మూడింటినీ తాకి దిగొస్తాంటి. "అమ్మా, ఎన్నాళ్ళు ఖాళీ పెడతావు? బూజు పడతాదని నువ్వే గదా రాసింది!" అని భాయి తిడతానే ఉండాడు. కడాన భాయే ఒక పాపను తీసుకొచ్చినాడు. మదనపల్లె పాప, ఈడ ఆసుపత్రిలో నర్సుగా చేరిందంట. తాళంచెవి ఇస్తే గది చూసుకుంటాను అనింది.

"తాళంచెవి తర్వాత. ముందు పైన కూచొని ఒక ముద్ద తిందాం రా."

ఆ పాప భాయి మొగం చూసింది. "ఇల్లు చూసేదానికి వచ్చినానమ్మా, తినేదానికి కాదు."

"మా ఇంట్లో రెండూ ఒకటే తల్లీ" అన్నాడు భాయి. "అమ్మ వెనకాలే ఎక్కు. బాగా చూసుకుంటా ఎక్కు."

సంగటి తట్ట చేత్తో పట్టుకొని ముందర ఎక్కినాను. సాయంత్రం. పడమటి దిక్కు ఎర్రగా ఉండాది. పాపకు ముందు కొళాయి చూపించాల్నా, కిటికీ తాడు చూపించాల్నా అనుకుంటా ఎక్కుతాండాను. ఎక్కుతా ఎక్కుతా నిలబడిపోయినాను. నా చెయ్యి గోడకు ఆనుకోనుండాది. కిందికి చూస్తే ఐదో మెట్టు.

నా వెనకాల చెప్పుల చప్పుడు ఆగింది. ఎవరూ చెప్పకుండానే ఆ పాప కూడా నిలబడి గోడకు చెయ్యి ఆనించింది.

"ఏమ్మా?" అనింది.

నిజమే. ఈడ గాలి బాగుండాది.